మూడో పుస్తకం ఎవరిది?

టేపు రికార్డర్లు రాకముందు మాట. ఒక పెద్ద గాయకుడి ఇంట్లో ఇరవయ్యేళ్లు ఆయన బాణీలకు స్వరాలు రాసిపెట్టిన ఆమెను అందరూ 'రాతలక్క' అనేవారు. ఆయన పోయాక, బాగా పేరొచ్చిన పాటలున్న మూడో నోటుపుస్తకం నాదంటే నాదని కొడుకులిద్దరూ కోర్టుకెక్కారు. దస్తూరీ గుర్తించడానికి ఆమెను పిలిపించారు.

"ఈ రాత మీదేనా అమ్మా?" అన్నాడు జడ్జి.

"రాతా నాదే, బాణీలూ నావే. పాటల కింద తారీఖులు చూడండి. ఆ ఏడాదంతా అయ్యగారు పక్షవాతంతో నోట మాట లేకుండా మంచంలోనే ఉన్నారు. ఈ ఇద్దరికీ తెలుసు."

పెద్దకొడుకు పగలబడి నవ్వాడు. "జీతానికి రాసే మనిషి బాణీలు కట్టిందట!"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "నవ్వింది చాల్లే. ఆ ఏడాది మీ నాన్న ఒక్క ముక్కైనా పాడగా విన్నావా? చెప్పు!"

జడ్జి ఆసుపత్రి కాగితాలు తెప్పించి చూసి, ఆ పుస్తకాన్ని ఆమె చేతికే ఇప్పించాడు.

బయట చిన్నకొడుకు దారికి అడ్డొచ్చాడు. "తప్పైపోయింది అక్కా."

"ఇక్కడెవరికి కావాలి ఆ మాట? నా పాటలు మీ నాన్నవని పాడిన ప్రతి సభకూ వెళ్లి చెప్పు!" అని, పుస్తకం చంకలో పెట్టుకుని విసవిసా మెట్లు దిగిపోయింది.