ఉక్కులో సన్నరవ్వ

మొన్న శుక్రవారం మౌలాలిలో మా ఉస్తాద్ పోయారు. కబురు విన్నవాళ్లు "మంచివాడు, పాపం" అంటున్నారు. ఆ మాటకు నాకు ఒళ్లు మండుతోంది.

సికింద్రాబాదులో మా కార్ఖానాలో ఉక్కుకు పదును పెట్టే కొలిమి ఆయనది. నేను పనిలో చేరిన రోజే ఒక అయస్కాంతం చేతికిచ్చి, ఎర్రగా కాగిన ఉలి దగ్గర పెట్టమన్నారు. అంటుకోలేదు. "జెర ఆగు" అన్నారు. ఉలి చల్లారుతుంటే అయస్కాంతం లాగింది. "గిప్పుడే లోపల రవ్వ కడుతది. గీ టైంల చుట్టూ అయస్కాంతం బలముంటే ఏమైతదో చూడాలె."

చూశారు కూడా. మట్టి గొట్టానికి రాగి తీగ చుట్టి, బ్యాటరీలు తగిలించి, కాగిన కడ్డీలను అందులో చల్లార్చేవారు. తర్వాత విరిచి, విరిగిన చోటును ఎండలో పట్టి చూసేవారు. మామూలు కడ్డీలో రవ్వ గోధుమ నూకలా దొడ్డుగా ఉండేది. తీగ మధ్య చల్లారినదాంట్లో, కొన్నిసార్లు, పిండిలా సన్నగా ఉండేది. రవ్వ ఎంత సన్నమైతే ఉక్కు అంత గట్టి. పైవాళ్లకు రాద్దామని ఫోర్‌మన్ ఉబలాటపడితే ఈయన ఒప్పుకోలేదు.

"అన్నిసార్లు వస్తలేదు కదా సాబ్. ఎందుకో తెల్వకుండ గొప్పలు చెప్పుకునుడేంది?"

చూసిందంతా ఉర్దూలో పుస్తకాలకు పుస్తకాలు రాసుకున్నారు.

పోలీసు చర్య అయిన కొన్ని వారాలకు ఎవరో ఫిర్యాదు చేశారు, కొలిమి షెడ్డులో రజాకార్ల వైర్‌లెస్ ఉందని. జవాన్లు వచ్చారు. ఈ తీగలేమిటని వాళ్ల అధికారి ఫోర్‌మన్‌ను అడిగాడు. ఆ తీగ ఇప్పించిందే ఫోర్‌మన్. తెలియదన్నాడు. అధికారి నావైపు తిరిగాడు. నేను తల వంచుకున్నాను. ఒక్క మాట! "ఉక్కు పని సార్" అంటే చాలు. అనలేదు.

జవాన్లు పట్టుకెళ్తుంటే ఉస్తాద్ అన్నది ఇంతే: "కొలిమిల కడ్డీ ఉంది. తీయుర్రి, కాలిపోతది."

నాలుగు నెలలు జైల్లో పెట్టి వదిలేశారు. ఉద్యోగం పోయింది. జవాన్లు ఎత్తుకెళ్లిన ఆ ఉర్దూ పుస్తకాలు తిరిగి రాలేదు. ఆ తర్వాత ఇంటి ముందు కూర్చుని గడ్డపారలకు, ఉలులకు పదును పెట్టి బతికారు. నేను వెళ్తే చాయ్ ఇచ్చేవారు. ఆ రోజు సంగతి ఎన్నడూ ఎత్తలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మొన్న జనాజా లేపే వేళకు ఫోర్‌మన్ వచ్చి పాడెకు భుజం పట్టబోయాడు. గడపలో నిల్చున్న ఉస్తాద్ కూతురు అంది:

"వద్దు సార్. మీ భుజం వద్దు."

అతను వెనక్కి తగ్గాడు. ఆ చోటికి నేను కదిలాను.

"మీరు సుత వద్దు, అన్నా."

వాడకట్టువాళ్లు జనాజా ఎత్తుకుని గుట్ట కింది ఖబరస్తాన్ వైపు నడిచారు. ఫోర్‌మనూ నేనూ పక్కపక్కన, ఆ ఎండలో, గల్లీలో నిలబడిపోయాం.