మునిగాం గారు ధైర్యం చెప్పిన నెల

ఆ నగరపాలక సంస్థలో అకౌంట్సాఫీసరు గారికి ఒకే ఒక్క అలవాటు. ఏ కాగితం కంటబడినా, ఏ కబురు చెవినబడినా ముందు "మునిగాం" అనేవారు. ఆ తరవాతే కళ్ళజోడు పెట్టుకుని అదేమిటో చదివేవారు.

పన్నులు బ్రహ్మాండంగా వసూలైన ఏడు కూడా ఆయన తల పట్టుకునే కూర్చున్నారు. "ఇంత వచ్చిందని కౌన్సిలర్లకి తెలిస్తే ఊరుకుంటారా? మునిగాం." వీధి దీపం వెలగకపోతే మునిగాం. వెలిగితే కరెంటు బిల్లు గుర్తొచ్చి మళ్ళీ మునిగాం. కూతురికి ఉద్యోగం వచ్చిందని ఇంటినుంచి ఫోనొస్తే కూడా అదే మాట అని, ఆనక కళ్ళు తుడుచుకుంటూ, "రోజూ బస్సులో అంత దూరం ఎలా వెళ్తుందో పిచ్చితల్లి" అన్నారు.

ఎదురుగా సారే గానీ, చాటున అందరికీ ఆయన మునిగాం గారే. ఆయన దగ్గర అసిస్టెంటుగా ఒకమ్మాయి చేరింది. కొత్తలో ఆమెకి ఆ మాట విన్నప్పుడల్లా గుండె గుభేలుమనేది. పోనుపోను అలవాటైపోయింది. ఆయన గుమ్మంలో కనబడగానే తలెత్తకుండా, "ఈవేళ ఎంత లోతు సార్?" అని అడిగేది.

"పీకల దాకా వచ్చిందమ్మా" అని ఆయన తృప్తిగా కుర్చీలో కూర్చునేవారు. అప్పుడు గానీ ఆఫీసులో పని మొదలయ్యేది కాదు.

మేయరుకి మాత్రం ఒళ్ళు మండేది. "పార్కులో రంగుల ఫౌంటెన్ పెడదామయ్యా అని ఉత్సాహంగా వస్తానా, ఈయన మొహం చూస్తే మంచినీళ్ళు కూడా తాగబుద్ధి కాదు!"

ఇలా ఉండగా కొంప నిజంగానే మునిగింది. ఊరికి అన్నం పెడుతున్న పెద్ద మిల్లు ఉన్నట్టుండి మూతపడింది. దాన్ని నమ్ముకున్న లారీలు ఆగిపోయాయి, లారీలవాళ్ళని నమ్ముకున్న హోటళ్ళు చల్లబడ్డాయి. బజారులో సగం షట్టర్లు పైకి లేవడం మానేశాయి. పన్నులు రావడం లేదు, పైనుంచి రావలసిన గ్రాంటుకీ కోత పడింది. ఒకరోజు బ్యాంకునుంచి ఫోనొచ్చింది. ఈ నెల జీతాలకి ఖాతాలో డబ్బు చాలదట.

అసిస్టెంటు ఫోను పెట్టేసి ఆ మాట చెప్పింది. గుమస్తాలూ టైపిస్టూ తలుపు దగ్గర మూగారు. ఉత్తప్పుడే అంత శోకం పెట్టే మనిషి, ఇప్పుడు ఏ స్థాయిలో అందుకుంటారో!

ఆయన కళ్ళజోడు తీసి నిదానంగా తుడుచుకున్నారు. "ఏం కాదు" అన్నారు.

టైపిస్టు గోడకి ఆనుకుంది. "ఈయనే ఏం కాదన్నారంటే మన పని అయిపోయినట్టే" అని పెద్ద గుమస్తా అప్పటికప్పుడు ఇంటికి ఫోను చేసి, కొత్త మంచం కొనడం మానెయ్యమన్నాడు.

కబురు తెలిసి మేయరు రొప్పుకుంటూ వచ్చారు. "ఏమయ్యా, ఏం కాదన్నావట! నిజమేనా?"

"నిజమేనండి."

"ఒక్కసారి మునిగామను నాయనా. నీకు పుణ్యముంటుంది."

"ఎందుకు మునుగుతామండీ?"

"అయ్యో, అంత దాకా వచ్చిందా!" అంటూ మేయరు కుర్చీలో కూలబడ్డారు.

మర్నాడు వీధులూడ్చేవాళ్ళు చీపుళ్ళతో సహా వచ్చి వరండాలో నిలబడ్డారు. వాళ్ళ మేస్త్రీ ఒక పెద్దావిడ. మనిషి పిడికెడు, గొంతు మైకు. "సారూ, మా జీతాలు వస్తాయా రావా? మా ఇంటాయన మిల్లు పని పోయి కూచున్నాడు. ఇల్లంతా నా రెక్కల మీదే ఉంది."

"రాకేం తల్లీ! వస్తాయి. ఏం కాదు, మీరేం దిగులు పెట్టుకోకండి" అని ఆయన నవ్వారు. ఆ నవ్వు ఆయనకి కొత్త. ఎక్కడ ఆపాలో తెలియక పాపం చెంపలు నొప్పి పుట్టేదాకా పట్టుకుని నిలబడ్డారు.

"సారే అన్నాక ఇంకేముంది!" అని వాళ్ళూ నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

అసిస్టెంటు తలుపు మూసింది. ఆమె తమ్ముడి పనీ ఆ మిల్లులోనే పోయింది. దుఃఖం ఆగలేదు. "ఎందుకు సార్ అబద్ధం చెప్పారు? లేనిపోని ఆశ పెట్టి పంపారు."

ఆయన బీరువాలోంచి పన్ను బకాయిల రిజిస్టరు తీశారు. "బాగున్న రోజుల్లో ఎవరికీ భయం ఉండదమ్మా. కాస్తయినా ఉండాలని నేను అరిచేవాణ్ణి. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ కావలసినంత ఉంది. ఆఫీసు తరఫున మనం కూడా పంచాలా?"

"మరి డబ్బెలా?"

"పద. ఆ భయం ఇంకా చేరని ఇళ్ళు కొన్ని ఉన్నాయి."

ఏళ్ళ తరబడి ఆస్తిపన్ను ఎగ్గొడుతున్న సినిమా హాళ్ళ ఓనరు ఇంటికి తీసుకెళ్ళారు. మెత్తటి సోఫాలో కూర్చుని, పైకప్పు వైపు చూసి, గుండె లోతుల్లోంచి నిట్టూర్చారు. "మునిగారండీ."

"ఎవరు?" అన్నాడు ఓనరు.

"మీరే. జీతాల్లేక చెత్త ఎత్తేవాళ్ళు ఆగిపోతారు. మీ హాలు ముందు గుట్ట పడుతుంది. గుట్టలో ఎలకలు. అవి చీకటిని వెతుక్కుంటూ లోపలికొస్తాయి. కాళ్ళు పైకి పెట్టుకుని జనం ఎంతసేపని సినిమా చూస్తారు చెప్పండి?"

ఓనరు తనకి తెలియకుండానే కాళ్ళు సోఫా మీదికి ముడుచుకున్నాడు.

"ఆ తరవాత మురుగు పొంగుతుంది..."

"ఆయనకి ఇవ్వాల్సింది ఇచ్చి పంపెయ్యండీ! నాకు కడుపులో తిప్పేస్తోంది" అని లోపలినుంచి ఓనరు భార్య కేకేసింది. చెక్కు వచ్చింది. అసిస్టెంటు నవ్వు ఆపుకోలేక దగ్గు నటించింది. మిల్లు మూతపడ్డాక ఆమెకి నవ్వు రావడం అదే మొదలు.

అలా పెద్ద పెద్ద ఇళ్ళన్నీ తిరిగారు. ఒక గోదాముల ఆసామి అయితే, ఆయన తన గడప తొక్కనంటే బకాయి మొత్తం కట్టేస్తానని ఫోనులోనే బేరం పెట్టాడు.

అంతమాత్రాన ఊరు గట్టెక్కలేదు. ఈత కొలను మూసేశారు. మేయరు కారు వదిలేసి నడిచొచ్చారు. ఆఫీసర్లకి సగం జీతమే ఇచ్చారు, అందులో మొదటి పేరు మునిగాం గారిదే. మిల్లు గేటుకి తాళం అలాగే ఉంది. కానీ వీధులూడ్చేవాళ్ళలో ఒక్కరి పనీ పోలేదు. ఆలస్యంగా, రెండు విడతలుగానైనా జీతం పూర్తిగా చేతికొచ్చింది.

రెండో విడత ఇస్తూ అసిస్టెంటు మేస్త్రీతో అంది. "చూశారా పెద్దమ్మా, సారు చెప్పినట్టే వచ్చాయి. ఆ రోజు ఆయన మాట నమ్మి మంచి పని చేశారు."

"నమ్మామా?" పెద్దావిడ బుగ్గలు నొక్కుకుంది. "ఆయన నోట ఏం కాదనే మాట రాగానే మాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు తల్లీ! గల్లాపెట్టె ఖాళీ అని అక్కడికక్కడే తెలిసిపోయింది."

"మరి నవ్వుకుంటూ వెళ్ళారుగా?"

"ఏం చెయ్యమంటావు? ఆయన అంత కష్టపడి నవ్వుతుంటే, ఎదురుగా నిలబడి మేం ఏడిస్తే ఏం బాగుంటుంది?" ఆవిడ అటూ ఇటూ చూసి, ఆ మైకు గొంతుని గుసగుసలోకి దించింది. "సారుతో అనకు తల్లీ. మాకు ధైర్యం చెప్పానని సంబరపడుతున్నారు."