ఐస్ ఫ్యాక్టరీ విలీనంలో నాలుగో షరతు

2007 వానాకాలం. ఏలూరులో ఒక ఆడిట్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పాపకి అప్పుడు తొమ్మిదో నెల. వట్లూరులో అత్తయ్య దగ్గర వదిలి బస్సెక్కేదాన్ని. ఆఫీసులో ఫోను మోగితే చాలు, పాపకేదో అయిందనుకునేదాన్ని. సగం నిద్రతో చేసిన ఆనాటి ఫైళ్ళలో చాలావాటి పేర్లు కూడా ఇప్పుడు గుర్తులేవు. భీమడోలు దగ్గరి ఐస్ ఫ్యాక్టరీ ఫైలు మాత్రం మరిచిపోలేదు.

ఫ్యాక్టరీ రహీం గారిది. ఆయన, ఇద్దరు తమ్ముళ్ళు వాటాదారులుగా ఉన్న చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. మా వైపు చేప మీద ఐసు పడందే లారీ కదలదు. కానీ అది కొల్లేరులో చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించేసిన మరుసటి ఏడాది. గిరాకీ బాగా పడిపోయింది, కరెంటు బిల్లు మాత్రం తగ్గలేదు. అప్పుడు తాడేపల్లిగూడెంలోని ఒక చేపల ప్యాకింగ్ కంపెనీ దాన్ని తనలో కలుపుకుంటానని ముందుకొచ్చింది. డబ్బు బదులు తన షేర్లు ఇస్తుంది. రహీం గారు ఒక్కటే అడిగారట: ఫ్యాక్టరీ నడవాలి. పనివాళ్ళలో ఎక్కువమంది కొల్లేటికోట నుంచి వచ్చినవాళ్ళు. చెరువులు పోయాక వాళ్ళకున్న ఆధారం అదొక్కటే. కొనేవాళ్ళు సరేనన్నారు, నోటిమాటగా.

మా ఆఫీసు కొనే కంపెనీకి ఆడిటరు. రెండు కంపెనీల వాళ్ళూ సంతకాలు చేసి హైకోర్టుకు పంపే విలీన పత్రాన్ని స్కీమ్ అంటారు. అందులో లెక్కల భాగం రాయడం నా పని.

ఇలాంటి కలయికను లెక్కల్లో చూపడానికి అప్పట్లో రెండు దారులుండేవి. ఒకటి మెర్జర్ పద్ధతి. రెండు గిన్నెల అన్నం ఒకే గిన్నెలోకి వంచినట్టు, పుస్తకాల్లో ఉన్న విలువలు ఉన్నట్టే కలిపేయడం. దీనికి ఐదు షరతులున్నాయి, ఒక్కటి తప్పినా కుదరదు. తప్పితే రెండోదే దారి, పర్చేజ్ పద్ధతి. ఇది బజారులో సరుకు కొన్నట్టే. ఒక్కొక్క ఆస్తికి ఈనాటి ధర కట్టవచ్చు. వాటి విలువకు మించి ఇచ్చినదాన్ని గుడ్‌విల్ అని చూపి, కొన్నేళ్ళలో లాభంలోంచి కొట్టేయాలి.

కొనే కంపెనీ ఫైనాన్స్ మేనేజరు సుబ్బరాజు గారు మొదట్నించీ మెర్జరే కావాలన్నారు. "గుడ్‌విల్ రానీయకండమ్మా, ఏటా లాభాన్ని తినేస్తుంది" అని రోజూ ఫోను. అలాగే రాసి, ఒక తీర్మానం పంపమని అడిగాను. ఐస్ వ్యాపారం కొనసాగించే ఉద్దేశం ఉందని వాళ్ళ బోర్డు ఒక్క వాక్యం రాసిస్తే చాలు.

మర్నాడు ఆయన గొంతు మారింది. "ఆ వాక్యం వద్దులెండి. పర్చేజ్‌లో పెట్టేయండి."

"గుడ్‌విల్ వస్తుందండీ."

"వస్తే రానివ్వండి."

ఆ ఒక్క వాక్యం ఎందుకు రాయలేరో నాకర్థమైంది. మా సారు మూర్తి గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మనం పద్ధతి సరిగ్గా రాయాలి. వాళ్ళ వ్యాపారం వాళ్ళది" అన్నారు. అదీ నిజమే.

పద్ధతి మారింది కాబట్టి యంత్రాలకు కొత్తగా ధర కట్టాలి. వాల్యూయర్ని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఆయన అమ్మోనియా కంప్రెసరు చుట్టూ తిరుగుతుంటే రహీం గారు నవ్వారు.

"ఏమ్మాయ్, నా కంప్రెసరుకి పెళ్ళిచూపులా? ఈ వయసులో దానికెవరమ్మా సంబంధం?"

"పిల్ల బాగానే ఉందండి. మోటారు మాట వింటోంది" అన్నాడు వాల్యూయరు. తర్వాత నావైపు తిరిగి, "నడుస్తోందని రాయక్కర్లేదన్నారండి గూడెం వాళ్ళు. పాత ఇనుం కింద బరువు రాసిమ్మన్నారు" అన్నాడు. గొంతు తగ్గించాలని ఆయనకు తోచలేదు.

రహీం గారి నవ్వు ఆగిపోయింది. లోపలికి వెళ్ళి తనకొచ్చిన స్కీమ్ ముసాయిదా తెచ్చారు. అంతా ఇంగ్లీషు.

"మొన్న మెర్జర్ అన్నారు. ఇందులో ఇంకోటేదో ఉందంట, మా తమ్ముడు చెప్పాడు. తేడా ఏంటమ్మా?"

ఆ క్షణంలో నాకు క్లయింటు గుర్తొచ్చాడు, జీతం గుర్తొచ్చింది, పాపకు వేయించాల్సిన టీకా గుర్తొచ్చింది. కానీ ఆ కాగితం ఆయనకూ ఇచ్చిందే. కింద సంతకం ఆయన పెట్టాల్సిందే. చదివి చెప్పడం తప్పెలా అవుతుంది? ఒక్కొక్క షరతే తెలుగులో చెప్పాను. ఆస్తులూ అప్పులూ అన్నీ అటు వెళ్ళాలి. దాదాపు వాటాదారులంతా అందులో వాటాదారులు కావాలి. ప్రతిఫలం షేర్లలోనే ఇవ్వాలి.

"ఇవన్నీ ఉన్నాయి గదా?"

"ఉన్నాయండి."

"నాలుగోది?"

"కలిశాక కూడా మీ వ్యాపారం కొనసాగించే ఉద్దేశం ఉండాలండి."

"దానికేం రాశారు?"

"ఏమీ రాయలేదండి."

ఆయన పనివాళ్ళ వైపు చూశారు. బయట క్రషర్లో ఐసు దిమ్మ పడి పగులుతోంది. "సర్లేమ్మా. తమ్ముళ్ళకి బ్యాంకు అప్పు పీకలమీదుంది, అమ్మక తప్పదు. కానీ వీళ్ళకి నేను చెప్పాలి గదా, ఇంకొకళ్ళు చెప్పేలోపు" అన్నారు. కాగితం మడుస్తూ, "గుడ్‌విల్ అంటే మా పేరుకి కట్టిన రేటేగా? ఎన్నాళ్ళుంచుతారేంటి?" అని అడిగారు.

"మామూలుగా ఐదేళ్ళండి. ఏటా కొంత కొట్టేస్తారు."

"పర్లేదు. ఒళ్ళు చూస్తే నాకూ అన్నేళ్ళే మిగిలినట్టున్నాయి."

పనివాళ్ళ సంగతి తేలందే సంతకం పెట్టనన్నారు రహీం గారు. సంతకాలు వాయిదా పడ్డాయి. సుబ్బరాజు గారు ఆఫీసుకొచ్చి కేకలేసి వెళ్ళారు. మూర్తి గారు నన్ను పిలిచారు.

"ఏం చెప్పావు?"

"చదివి వినిపించానండి."

"అంతేనా?"

"ఆయన అడిగారండి."

"సరే. వెళ్ళి గుడ్‌విల్ లెక్క చూడు."

చివరికి స్కీమ్‌లో ఒక పేరా చేరింది. ఫ్యాక్టరీ ఆగితే పనివాళ్ళను అదే జీతం మీద గూడెం ప్యాకింగ్ షెడ్డులోకి తీసుకోవాలి. అది చేరాకే రహీం గారు సంతకం పెట్టారు. ఫ్యాక్టరీని మూసేశారు. కొందరు గూడెం వెళ్ళారు. కొందరు అంత దూరం రోజూ తిరగలేక మానేశారు. కానీ వాళ్ళందరికీ ముందే తెలుసు. అప్పులు తీర్చుకోవడానికో, ఇంకో పని వెతుక్కోవడానికో కొంత వ్యవధి దొరికింది.

నేను నేర్చుకున్నది పెద్ద విషయమేమీ కాదు. లెక్కల పద్ధతి ఏ ఫ్యాక్టరీనీ నిలబెట్టదు. కానీ లాభం తగ్గుతుందని తెలిసీ ఒక కంపెనీ పద్ధతి మార్చుకుందంటే, ఎక్కడో ఒక షరతు ఒప్పుకోలేకపోయిందన్నమాట. ఇప్పటికీ అలాంటి ఫైలు వస్తే ముందు ఆ షరతేమిటో వెతుకుతాను. ఆ తర్వాత, అది ఇంకా తెలియనివాళ్ళెవరున్నారో చూస్తాను.