ఐల్ అన్నాడా, ఐడ్ అన్నాడా

సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో నేను పనిచేసిన కార్ల వర్క్‌షాప్ యజమాని మంచివాడు. ఆ మాట ముందే చెప్పాలి. ఈ కథ విన్న మావాళ్ళు చాలామంది అతన్ని తిట్టారు. నేను తిట్టలేకపోయాను. మధ్యాహ్నం ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టేవాడు. జ్వరమొచ్చి నేను వణుకుతూ పనికి వెళ్తే, తనే కారులో ఎక్కించుకొచ్చి ఇంటి దగ్గర దింపాడు.

నేను ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, ఆటోమొబైల్ కోర్సు పూర్తిచేసి, అతని దగ్గర మెకానిక్‌గా కుదిరాను. చదువయ్యాక ఇచ్చే వీసా గడువు కరిగిపోతోంది. ఈ దేశంలో ఉండాలంటే ఎవరైనా యజమాని తన పూచీ మీద నన్ను వీసాకి స్పాన్సర్ చేయాలి. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. అతను గుడ్డతో చేతుల గ్రీజు తుడుచుకుంటూ, నా భుజం తట్టి ఒక మాటన్నాడు. ఆ మాటే పట్టుకుని ఇంటికి పరుగెత్తాను.

నా భార్యది కరీంనగర్, మాది తెనాలి. ఇక్కడి కాలేజీలో కలిశాం. ఆమె చైల్డ్‌కేర్ సెంటర్లో పనిచేసేది.

"బిజినెస్ బాగుంటే స్పాన్సర్ చేస్తానన్నాడు," అని చెప్పాను.

"అట్లనే అన్నడా?"

"అట్లాగే అన్నాడు."

ఆ సాయంత్రం ఆమె పాయసం చేసింది.

ఇక ఆ వర్క్‌షాపు బాగుపడటం నా సొంత పనైపోయింది. సెలవులు మానేశాను. శనివారాలు వెళ్ళాను. కార్లని పైకెత్తే లిఫ్ట్ మీద ఒక కారు, దాని వెనక ఇంకో కారు, రోడ్డు పక్కన మరో రెండు ఎదురుచూస్తుంటే, నాకు లోపల పండగలా ఉండేది. బిజినెస్ బాగుంటోంది కదా! అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇంకొంచెం బాగుండాలేమో అనుకున్నాను.

ఆ రోజుల్లోనే బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉండే నా క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, మా షాపులో మెకానిక్ కావాలి. స్పాన్సర్‌షిప్ కూడా ఇస్తారు. బ్యాగు సర్దుకుని వచ్చెయ్."

"మా బాస్ మాటిచ్చాడ్రా. మధ్యలో వదిలేసి వస్తే బాగోదు," అన్నాను.

వాడు రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు.

వీసాకి ఇంగ్లీషు పరీక్ష కూడా పాసవ్వాలి. మాట్లాడటం, వినడం ఫర్వాలేదు కానీ రాయడంలో ప్రతిసారీ మార్కులు తగ్గేవి. అందుకని గురువారం సాయంత్రాలు లైబ్రరీలో ఉచితంగా జరిగే క్లాసుకి చేరాను. చెప్పేది రిటైరైన స్కూలు టీచరు. గట్టిగా నవ్వే మనిషి. ఆరోజు పాఠం ఇఫ్‌తో వచ్చే వాక్యాలు.

బోర్డు మీద మూడు గీతలు గీసి, ఒక్కోదాని కింద ఒక్కో వాక్యం రాసి చెప్పింది. ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ స్టే హోమ్. వాన రావచ్చు, వస్తే ఇంట్లో ఉంటాను. ఇఫ్ ఐ వర్ రిచ్, ఐ వుడ్ స్టాప్ వర్కింగ్. నేను డబ్బున్నదాన్ని కాను, పని మానబోవడమూ లేదు, ఊరికే ఊహ. ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హ్యావ్ కమ్. నాకు తెలియలేదు, నేను రాలేదు, ఇక చేసేదేమీ లేదు.

"మీరు బయట విన్న ఇఫ్ వాక్యం తలా ఒకటి చెప్పండి," అంది.

నా వంతు వచ్చినప్పుడు గర్వంగానే లేచాను. మా బాస్ మాటని అతని యాసతో సహా అప్పజెప్పాను: "ఇఫ్ థింగ్స్ వర్ బెటర్ మేట్, ఐడ్ స్పాన్సర్ యూ టుమారో."

ఆమె మార్కర్ పట్టుకుని ఆగింది. "నిజంగా ఎవరైనా నీతో అన్నారా?"

"మా బాస్ అన్నాడు."

"ఐల్ అన్నాడా, ఐడ్ అన్నాడా? ఇంకోసారి గుర్తు చేసుకో."

గుర్తు చేసుకోవడానికేముంది! ఆ మాట నా చెవిలో రోజూ మోగుతూనే ఉంది. ఐడ్, అంటే ఐ వుడ్. అంతకు ముందు వర్. ఆ రెండూ అప్పుడు నా నోట్లోంచే వచ్చాయి. ఆమె నా వాక్యాన్ని ఏ గీత కింద రాయాలో నాకు చెప్పక్కర్లేకపోయింది. రెండో గీత కింద రాసింది. మెల్లగా, "ఇది మాటివ్వడం కాదమ్మా. నీ మనసు నొప్పించకుండా కుదరదని చెప్పడం. వెళ్ళి సూటిగా అడుగు," అంది.

రైల్లో కూర్చుని తెలుగులో ఎన్ని రకాలుగా తిప్పి చూసినా నాకు 'బాగుంటే చేస్తాను' అనే వస్తోంది. మన భాషలో 'చేస్తాను' అంటే చేస్తాననే. అతను ఇవ్వని మాటని, ఇంటికి తెచ్చి నా భార్య చేతిలో తెలుగులో పెట్టింది నేనే.

ఇంటికెళ్ళి ఆమెకు అంతా చెప్పాను. "మరి మీ బ్రిస్బేన్ దోస్తుకు ఫోన్ చెయ్," అంది. చేశాను. ఆ ఉద్యోగంలో ఎప్పుడో వేరే మనిషి చేరిపోయాడు.

మర్నాడు బాస్‌ని అడిగాను. ఒక్కొక్క పదం చూసి చూసి పేర్చుకున్నాను. "బిజినెస్ ఇప్పుడు బాగుంది. విల్ యూ స్పాన్సర్ మీ?"

అతని ముఖం ఎర్రబడింది. షాపు అమ్మేసే ఆలోచనలో ఉన్నాడట. మోకాళ్ళు సహకరించడం లేదట. "నీకు తెలుసనుకున్నా మేట్. అప్పుడే కాదన్నాను కదా," అన్నాడు. నిజంగానే అలా అనుకున్నాడని అతని కళ్ళు చూస్తే తెలిసింది.

కోపమొచ్చి వెళ్ళిపోయే వీలు కూడా లేదు. అద్దె కట్టాలి, చేతిలో పని ఉండాలి. మర్నాడు అదే తలుపు తీసుకుని, అదే లిఫ్ట్ కింద నిలబడ్డాను. మీద కారు, చుట్టూ రేకుల గోడలు. రోడ్డు మీద కార్లు క్యూ కట్టినప్పుడల్లా తల తిప్పుకునేవాణ్ణి.

మిగతా షాపులకి దరఖాస్తులు పెట్టాను. ఫోన్లో అందరూ మర్యాదగానే మాట్లాడారు. నీకు పర్మనెంట్ రెసిడెన్సీ ఉండి ఉంటే తీసుకునేవాళ్ళం, కిందటి నెల అడిగి ఉంటే చూసేవాళ్ళం. అన్నీ మూడో గీత కింద వాక్యాలే. అంతకుముందైతే వాటిలో కూడా ఆశ వెతుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఫోన్ పెట్టేయకముందే అర్థమైపోయేది. ఇంగ్లీషు పరీక్షలో ఈసారి రాయడంలో కూడా పాసయ్యాను. ఆ రోజు ఇంట్లో పాయసం మాత్రం చేసుకోలేదు.

వీసా అయిపోవచ్చిన దశలో, సిడ్నీకి చాలా దూరంగా గోధుమలు పండే ఒక చిన్న ఊళ్ళో, ట్రాక్టర్లు బాగుచేసే షాపులో పని ఉందని తెలిసింది. ఆ యజమాని పొడిపొడిగా మాట్లాడాడు. "నీకు పని వచ్చు. వచ్చెయ్, స్పాన్సర్ కాగితాలు పెడతా." అందులో ఇఫ్ లేదు. అయినా మూడుసార్లు అడిగాను. మూడోసారి విసుక్కున్నాడు. ఆ విసుగు నాకు ధైర్యమిచ్చింది.

ఆ ఊరొచ్చేశాం. కాగితాలు పెట్టాడు, వీసా వచ్చింది. కానీ మా రెసిడెన్సీ పర్మనెంట్ అయ్యేదాకా అతని షాపు వదలకూడదు. ఇక్కడ ఒకటే వీధి, ఒకటే పెట్రోలు బంకు. కందిపప్పు కావాలంటే కారులో గంటలకొద్దీ పోవాలి. నా భార్యకు ఇక్కడి చైల్డ్‌కేర్‌లో వారానికి కొన్ని రోజులే పని. మిగతా రోజులు కిటికీ దగ్గర కూర్చుని వాళ్ళ అక్కతో ఫోన్లో మాట్లాడుతుంది. ఒకోసారి ఏమీ మాట్లాడకుండా అటూ ఇటూ నడుస్తుంది.

"ఇంకెన్ని దినాలు ఇట్ల?" అని మొన్న అడిగింది.

"పర్మనెంట్ అయ్యేదాకా," అన్నాను. ఆమె తలూపి కూర తాలింపు వేయడానికి లేచింది.

ఇప్పుడు కోతల కాలం. పొలం మధ్యలో హార్వెస్టర్ ఆగిపోయిందని పొద్దున్నే ఫోనొచ్చింది. ఎర్రదుమ్ములో దారి కూడా సరిగ్గా కనబడలేదు. యంత్రం కింద దూరి పడుకుంటే, ఆ రైతు వంగి, "మధ్యాహ్నానికి అవుతుందా?" అని అడిగాడు. బెల్ట్ చూశాను, బేరింగ్ చూశాను.

"అవుతుంది," అన్నాను.