రోలు మీది రాజు

కొత్తకోటలో బస్సెక్కిన ముసలాయన సంచి నా కాళ్ళకు గుచ్చుకుంటే కసిరాను. అందులో కట్టెకత్తి, అట్ట కిరీటం ఉన్నాయి. బాగోతంలో కత్తివిద్య నేర్పి అడవికి పోయే గురువు, రాజ్యం వద్దనే రాజు, రెండు వేషాలూ తనవేనన్నాడు.

నేను తప్పుకుంటే ఇల్లు రెండవుతుందని తెలిసీ, కోడళ్ళ తగవులకు విసిగి, తాళాలు వాళ్ళ ముందు పడేసి చెల్లెలి దగ్గరికి పోదామనుకుంటున్న రోజులవి.

"నాకైతే గురువే నచ్చిండు. నేర్పిండు, పోయిండు" అన్నాను.

"అందరికీ ఆయననే నచ్చుతడక్కా. రాజు వేషమే యాతన. వద్దు వద్దనుకుంటనే తెల్లారేదాక సింహాసనమని బోర్లేసిన రోలు మీద కూసోవాలె."

"లేచి పోతే ఏమైతదన్నా?"

"ఆట ఆగుతది గద."

నడుము పట్టుకుని ఆయన వనపర్తిలో దిగిపోయాడు.

తాళాలు ఇంకా నా బొడ్లోనే ఉన్నాయి.