అత్త తొలి వాయి

నా చిన్నప్పుడు ప్రొద్దుటూరు దసరాకు జనమంతా అమ్మవారి కోసమే వచ్చేవాళ్ళని ఇప్పుడు చెప్పుకుంటారు. అబద్ధం. సగం మంది వచ్చేది తిండికి. గుడి వీధిలో ఒక పక్కంతా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, కారం దోసెలు, జిలేబీలు. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. ఆ ఏడాది ఆ వరసలో మా మేనత్త అలసంద వడల అంగడి పెట్టింది.

మామ పోయి ఏడాది దాటింది. పులివెందులలో ఉండే మామ వాళ్ళ అన్న, ఒంటరి ఆడది అక్కడేం చేస్తుంది, వచ్చి మా ఇంట్లో వంట చేస్తూ పడి ఉండమనండని కబురు మీద కబురు పంపుతున్నాడు. ఈ పండగకు అంగడి నిలబడితే పోనని, నిలబడకపోతే నోరెత్తకుండా బండెక్కుతానని అత్త మా నాన్నకు మాటిచ్చింది.

ఆ వరసలో ఒక కట్టుబాటు ఉండేది. కొత్తగా పొయ్యి పెట్టినవాళ్ళు తొలి వాయి అమ్మకూడదు. రెండు పక్కల అంగళ్ళవాళ్ళకూ పెట్టాలి. వాళ్ళు తింటే ఇక ఆ అంగడిని ఎవరూ లేపరు. తినకపోతే పొయ్యి ఆర్పుకోవాలి. ఒక పక్క దోసెల తాత ఆకు చేతికందకముందే తినేశాడు. రెండో పక్క మిఠాయి అంగడాయన చేతులు కట్టుకున్నాడు.

“ఆడోళ్ళు అంగడి పెట్టేది యాడన్నా ఉందా? నేను తినను. ఆర్పుకోమ్మా పొయ్యి.”

నేను ఊరుకునే పిల్లనా? “నీ జిలేబీలు ఈగలు తప్ప ఎవురూ తినరని నీకు కుళ్ళు!” అని అరిచాను. అత్త నా తొడ మీద గట్టిగా గిల్లింది.

“నువ్వు నోర్ముయ్ మే. అన్న ఇంగా ఆకలి కాలేదంటాండాడు, అంతే గదా.”

పొయ్యి ఆర్పలేదు. తడిగుడ్డ మీద పిండి తట్టి ఇంకో వాయి వేసింది. ఆకుల్లో పెట్టి నాతో బజ్జీలామెకు పంపింది, తర్వాత ఉగ్గాని ఆయనకు, అట్లా వరస చివరిదాకా. గిన్నెలో పిండి సగానికి దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది. అమ్మకుండానే అయిపోతే పులివెందుల బండే కదా! అత్త మాత్రం తల ఎత్తకుండా తడుతూనే ఉంది.

వరసంతా వడలు తింటుంటే గుడి నుంచి వచ్చే జనం ఆగరా? అంగడి ముందు మూగారు.

“ఎట్లమ్మా వడలు?”

“ఇంగా అమ్మేదిల్యాప్పా. మా పక్కంగడి అన్న తినలేదు. ఆయన తిన్నాకనే మీకు.”

జనం తలలన్నీ అటు తిరిగాయి.

“ఏం మామా, తినేకి ఏం రోగం నీకు?”

“నువ్వు తింటే గదా మాకు పెట్టేది! కడుపులు కాలుతాండాయి ఈడ!”

జిలేబీ పొట్లం కట్టించుకుంటున్న ఒకాయన, “ముందు ఆ వడ తిను, తర్వాత నీ జిలేబీ చూస్తాం” అని పొట్లం వెనక్కి పెట్టాడు. మిఠాయి ఆయన ముఖం ఎర్రబడింది. ఆకు లాక్కుని వడ నోట్లో కుక్కుకున్నాడు.

“ఉప్పు చాల్లేదు,” అన్నాడు.

“అట్లనా అన్నా? ఇంగోటి తిని చెప్పు,” అంది అత్త.

రెండోది కూడా తిన్నాడు. దీపాలు పెట్టేసరికి గిన్నె ఖాళీ. పండగ ఆఖరున పులివెందుల నుంచి బండి వచ్చింది. అత్త బండివాడికి వడలు పెట్టి, ఖాళీ బండితో సాగనంపింది.

ఆ రోజు నా అరుపుకు ఆ మిఠాయి ఆయన ఒక్క అంగుళం కదల్లేదు. ఇప్పటికీ నేను పెద్దగానే అరుస్తాను, అది మానడం నా వల్ల కాదు. కానీ ఏ మీటింగులోనైనా ఒకాయన నీకిక్కడ చోటు లేదంటే, అరిచి లేచి వచ్చెయ్యను. కుర్చీలోనే కూర్చుని మిగిలినవాళ్ళందరితో ఒక్కొక్కరిగా మాట్లాడతాను. ఆయనతో చిట్టచివర మాట్లాడతాను.