దుబాసీ నోరు తెరవకముందే

1998లో నేను విశాఖపట్నం కలెక్టరేట్‌లో కుల ధ్రువీకరణ సెక్షన్ సూపరింటెండెంట్‌ని. ఎస్టీ కోటాలో ఉద్యోగం వచ్చినవాళ్ల మీద ఫిర్యాదు వస్తే స్క్రూటినీ కమిటీ విచారిస్తుంది. అందులో ‘అఫినిటీ టెస్ట్’ అని ఒకటుంది. ఆ మనిషికి తన తెగ భాష, పండగలు, పెళ్లి తంతు తెలుసో లేదో అడిగి చూడడమన్నమాట. అడిగేవాళ్లలో ఎవరికీ ఆ భాష రాదు, అది వేరే సంగతి.

కూర్మన్నపాలెం దగ్గర ఉక్కు ఫ్యాక్టరీలో నర్సుగా ఎంపికైన పద్మ మీద ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. పేరు, మాట, కట్టూబొట్టూ అన్నీ మైదానంవాళ్లవే, గిరిజనురాలు కాదని. మేం తేల్చేదాకా ఆమెని ఉద్యోగంలో చేర్చుకోరు.

"మీ కువి భాషలో నాలుగు ముక్కలు మాట్లాడమ్మా" అన్నారు ఛైర్మన్‌గారు.

"రాదు సార్."

"గిరిజనులై ఉండి మీ భాష రాదా?"

"ఆరేళ్లప్పుడే ఆశ్రమ పాఠశాల్లో ఏసీసినారు సార్. మా బాస మాటాడితే బెత్తం తీసీవోరు. పద్మ అని పేరూ ఆలే ఎట్టినారు. మరి నానేటి సెయ్యను?"

ఆశ్రమ పాఠశాలంటే కొండపిల్లల్ని సర్కారే ఉంచుకుని, తిండీ బట్టా ఇచ్చి చదివించే బడి. మాన్పించిందీ సర్కారే, ఇప్పుడు రుజువు అడిగేదీ సర్కారే. నాకు ఒళ్లు మండింది. కానీ ఫైల్లో ఒళ్లుమంట రాయలేం కదా.

తర్వాతి విచారణకి కొండ మీంచి వాళ్లమ్మని పిలిపించాం. ఆమెకి తెలుగు రాదు. ఆ ప్రాంతం హెల్త్ వర్కర్‌ని దుబాసీగా కూర్చోబెట్టాం. "ఈ పిల్ల నీ కూతురేనా?" అని ఛైర్మన్‌గారు అడిగించారు.

ఆమె కూతురి వంక చూస్తూ ఏదో అంది. దుబాసీ తెలుగులో చెప్పడానికి తటపటాయించాడు. ఈలోగానే పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"ఏమందయ్యా?"

"బడికి పంపినప్పుడు నా పిల్లే అంతంది సార్. సెలవులకి వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం మీ పిల్లయిపోనాదంట."

తెలుగులో చెప్పకముందే ఏడ్చిన మనిషికి భాష తెలియదని ఎలా రాస్తాం? ‘మాట్లాడలేదు, అర్థం చేసుకోగలదు’ అని నోట్ పెట్టాను. కమిటీ ఒప్పుకుంది. ఉద్యోగం దక్కింది.

బయట వరండాలో పద్మ దుబాసీని ఆపింది. "అన్నా, నాను నీ పిల్లనే అని మాయమ్మకి సెప్పవా?"

అతను చెప్పాడు.

ఆ తర్వాత నా సర్వీసులో ఎవరికైనా భాష రాదని రాయాల్సి వస్తే, ఎందుకు రాదో కూడా రాసేవాణ్ణి. కొన్నేళ్లకి ఆ బళ్లలో చదివినవాళ్లే వచ్చి, మా పిల్లలకి మా భాషలో చదువు చెప్పించండని కలెక్టరేట్ గేటు దగ్గర బైఠాయించారు. దారి లేదని ఆఫీసులో అందరూ విసుక్కున్నారు. నేను విసుక్కోలేకపోయాను. కన్నతల్లితో మాట్లాడ్డానికి మధ్యలో మనిషి కావాల్సిన చదువు ఎలా ఉంటుందో నేను చూశాను.